ఆఫీసు ఇంటికొచ్చింది.. కరెంటు బిల్లూ వెంటే వచ్చింది: దెందులూరు డాబాల మీద సోలార్ లెక్క

ఇంటి నుంచి పని చేసే ఉద్యోగికి జీతం హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వస్తుంది. కరెంటు బిల్లు మాత్రం ఊళ్లోనే తయారవుతుంది. ఏలూరు దాటి జాతీయ రహదారి మీద దెందులూరు చేరినా, అటు కొల్లేరు లంక గ్రామాల వైపు వెళ్లినా ఇప్పుడు ఇలాంటి ఇళ్లు కనిపిస్తాయి. ముందు గదిలో అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని మీటింగ్‌లో ఉంటుంది. లోపల అమ్మీ మిక్సీ వేయాలంటే మీటింగ్ అయ్యేదాకా ఆగాలి. నెలాఖరుకు బిల్లు చూసి అబ్బా ఒకటే ప్రశ్న అడుగుతారు: "ఇంత ఎందుకొచ్చింది?"

ఆ ప్రశ్నకు సమాధానం ఇంట్లో సగం ఉంది, కంపెనీలో సగం ఉంది.

రాష్ట్ర ప్రభుత్వం ఇంటి నుంచి పనిని గట్టిగానే ప్రోత్సహిస్తోంది. 2025 ఫిబ్రవరి 11న, సైన్స్ రంగంలో మహిళల అంతర్జాతీయ దినోత్సవం సందర్భంగా, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మహిళల కోసం వర్క్ ఫ్రమ్ హోమ్‌ను పెద్ద ఎత్తున తెస్తామని ప్రకటించారు. చదువు పూర్తి చేసి, పట్నంలో హాస్టల్‌కు పంపడానికి ఇంట్లో ఒప్పుకోక ఆగిపోయిన ఆడపిల్లలకు ఇది మంచి కబురే. ముస్లిం కుటుంబాల్లో ఇలా ఆగిపోయిన డిగ్రీలు తక్కువేమీ కాదు.

అసలు ఇంట్లో పని ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఏలూరు తంగెళ్లమూడి తివాచీలు దేశదేశాలకు వెళ్లాయి. పర్షియా నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్లు తెచ్చారని చెప్పే ఆ విద్య తరతరాలుగా ఇళ్లలోనే మగ్గాల మీద నడిచింది. అయితే మగ్గానికి పగటి వెలుతురు చాలు. ల్యాప్‌టాప్‌కు కరెంటు కావాలి, మే నెలలో దాని ముందు కూర్చున్న మనిషికి కనీసం ఫ్యానైనా కావాలి.

పెరిగే ప్రతి యూనిట్ పై మెట్టు మీదే

బిల్లు ఎందుకు పెరుగుతుందో తెలియాలంటే శ్లాబుల లెక్క చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90. 31 నుంచి 75 వరకు రూ.3. 76 నుంచి 125 వరకు రూ.4.50. 126 నుంచి 225 వరకు రూ.6. 226 నుంచి 400 వరకు రూ.8.75. ఆపైన రూ.9.75. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం, సర్దుబాటు చార్జీలు వీటికి అదనం.

నెలకు 180 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. యూనిట్ల ఖర్చు రూ.747. ఇప్పుడు ఆ ఇంట్లో ఒకరు ఇంటి నుంచి పని మొదలుపెట్టారు. ల్యాప్‌టాప్, మామూలు ఫ్యాన్, వైఫై రౌటర్, ఒక లైటు కలిపి సుమారు 165 వాట్లు. రోజుకు 9 గంటలు, నెలకు 25 రోజులు అంటే దాదాపు 37 యూనిట్లు. మొత్తం 217 యూనిట్లకు ఖర్చు రూ.969 అవుతుంది. ఇంతవరకు భరించొచ్చు.

ఎండాకాలం వచ్చి ఒక టన్ను ఏసీని పగలు 5 గంటలు వేస్తే కథ మారుతుంది. గంటకు ఒక యూనిట్ చొప్పున నెలకు మరో 125 యూనిట్లు. మొత్తం 342 అవుతుంది. యూనిట్ల ఖర్చు రూ.2,041. అంటే వాడకం రెట్టింపు కూడా కాలేదు, ఖర్చు మాత్రం రెండున్నర రెట్లు దాటింది. ఇంటి వాడకం కింది మెట్లను ముందే నింపేసింది కాబట్టి ఆఫీసు పనికి వాడే ప్రతి యూనిట్ పై మెట్టు మీద పడుతోంది. కంపెనీ పని యూనిట్ రూ.8.75 ధరకు నడుస్తుంటే, ఆ డబ్బు కడుతున్నది ఇంటి పెద్ద.

కంపెనీ పుస్తకంలో కనపడని కరెంటు

ఇదే కరెంటు ఆఫీసులో ఖర్చయితే బిల్లు కంపెనీది. అంతేకాదు, ఆ కరెంటు వల్ల వెలువడే కార్బన్‌కు కూడా కంపెనీయే లెక్క చెప్పాలి. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి పర్యావరణం, సామాజిక బాధ్యతలపై నివేదిక ఇవ్వాలని సెబీ తప్పనిసరి చేసింది. ఆఫీసులో కొన్న కరెంటు తాలూకు ఉద్గారాలు అందులో చూపించాల్సిందే. దాన్ని 'స్కోప్ 2' అంటారు.

అదే ఉద్యోగి ఇంట్లో కూర్చుంటే ఆ కరెంటు 'స్కోప్ 3' అనే మరో ఖాతాలోకి వెళ్తుంది. ప్రపంచమంతా పాటించే గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్‌లో ఉద్యోగుల రాకపోకల కింద ఇంటి నుంచి పని చేసే వారి ఉద్గారాలను చేర్చడం కంపెనీ ఇష్టం. చేర్చకపోయినా అడిగేవారు లేరు. దాంతో ఆఫీసు కరెంటు తగ్గింది, కార్బన్ తగ్గింది అని నివేదిక మెరిసిపోతుంది. నిజానికి ఆ భారంలో కొంత తగ్గలేదు, ఇంటి మీటర్ల మీదికి మారింది. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పైన చెప్పిన ఇంట్లో పని వల్ల పెరిగిన 162 యూనిట్లకు నెలకు 113 కిలోలు. ఇది ఆ ఇంటి తప్పు కాదు. ఆ ఇల్లు ఆఫీసుగా మారినందుకు పడిన లెక్క.

అందుకే ఇంటి నుంచి పని చేసేవారిని సౌర విద్యుత్ వైపు నడిపించడం కంపెనీ బాధ్యత అనే మాట గట్టిపడుతోంది. ఇది ఎప్పుడూ ఎవరూ చేయనిది కాదు. 2014లో అమెరికాలో సిస్కో, 3ఎం, కింబర్లీ-క్లార్క్, నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థలు కలిసి తమ ఉద్యోగుల ఇళ్లకు మార్కెట్ కంటే తక్కువ ధరకు సోలార్ అందే ఏర్పాటు చేశాయి. అందరి తరఫున ఒకేసారి బేరం ఆడితే ధర తగ్గుతుందన్నదే ఆ ఆలోచన. పెళ్లికి నాలుగు కుటుంబాలు కలిసి ఒకే కొట్లో బియ్యం కొంటే ధర దిగినట్టే.

కంపెనీల వాదన కూడా వినాలి. ఊళ్లో ఉండి పని చేసే ఉద్యోగికి హైదరాబాద్ గది అద్దె, మెస్ ఖర్చు, రోజూ బస్సు చార్జీలు మిగులుతున్నాయి కదా అంటాయి. అదీ నిజమే. రూ.1,300 అదనపు బిల్లు కంటే ఆ మిగులు ఎక్కువే. అయితే ఆఫీసు స్థలం, ఏసీ, జనరేటర్, క్యాంటీన్ ఖర్చు కంపెనీకీ మిగిలింది. రెండు వైపులా మిగిలినప్పుడు ఇంటి కప్పు మీద పెట్టే ఖర్చును పంచుకోవడం అన్యాయమేమీ కాదు.

మొదటి కిలోవాట్‌కే విలువ ఎక్కువ

పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజనకు కేంద్ర మంత్రివర్గం 2024 ఫిబ్రవరి 29న ఆమోదం తెలిపింది. రూ.75,021 కోట్లతో కోటి ఇళ్లకు సోలార్ పెట్టాలన్నది లక్ష్యం. 2025 మార్చి నాటికి 10 లక్షల ఇళ్లు దాటాయి. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30 వేలు, మూడో కిలోవాట్‌కు రూ.18 వేలు సబ్సిడీ. అంటే 3 కిలోవాట్లకు, ఆపైన ఎంత పెట్టినా రూ.78 వేలే. రాష్ట్ర ప్రభుత్వం ప్రతి అసెంబ్లీ నియోజకవర్గంలో 10 వేల ఇళ్లకు సోలార్ పెట్టిస్తామని చెప్పింది. దెందులూరు కూడా ఒక నియోజకవర్గమే.

కిలోవాట్ ప్యానెళ్లకు డాబా మీద దాదాపు 100 చదరపు అడుగులు నీడ లేని చోటు కావాలి. సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు వస్తాయి. వానాకాలంలో తగ్గుతాయి. ప్యానెళ్లు ఇచ్చిన కరెంటు ఇల్లు వాడుకోగా మిగిలినది గ్రిడ్‌లోకి వెళ్తుంది. నెట్ మీటర్ రెండిటి తేడాను లెక్కిస్తుంది.

ఇప్పుడు అదే 342 యూనిట్ల ఇంటికి ఒక్క కిలోవాట్ పెడితే, బిల్లు 222 యూనిట్లకు దిగుతుంది. ఖర్చు రూ.999. ఒక్క నెలలో మిగిలింది సుమారు రూ.1,040. ఇంకో కిలోవాట్ పెడితే 102 యూనిట్లు, ఖర్చు దాదాపు రూ.314. రెండో కిలోవాట్ మిగిల్చింది రూ.685. ఏసీ లేని నెలల్లో మొదటి కిలోవాట్ రూ.680 దాకా మిగిలిస్తే, రెండోది రూ.300 లోపే. ఎందుకంటే మొదటిది పై మెట్టును కోసేస్తుంది, రెండోది కింది మెట్టును.

మార్కెట్‌లో ఇప్పుడు కిలోవాట్‌కు రూ.60 వేల నుంచి 70 వేల దాకా అవుతోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాలపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడం కొంత ఊరట. సబ్సిడీ పోగా మొదటి కిలోవాట్‌కు చేతి నుంచి పడేది రూ.40 వేలు అనుకుంటే, ఏడాదిలో నాలుగు నెలలు ఏసీ నడిచే ఇంట్లో నాలుగేళ్లకు ఆ డబ్బు తిరిగొస్తుంది. ప్యానెళ్లకు సాధారణంగా 25 ఏళ్ల గ్యారంటీ ఇస్తారు. కాబట్టి ఏజెంటు వచ్చి "3 కిలోవాట్లు పెట్టండి, సబ్సిడీ ఎక్కువ" అంటే వెంటనే తల ఊపనక్కర్లేదు. గ్రిడ్‌కు మిగిలి వెళ్లిన యూనిట్‌కు డిస్కం ఇచ్చే ధర పై శ్లాబులో మనం కట్టే ధర కంటే తక్కువ. వాడకం ఎంతో అంతే పెట్టుకోవడం తెలివి.

నెలకు 75 యూనిట్లలోపు వాడే ఇంటికి మాత్రం ఈ లెక్క పనికిరాదు. వాళ్ల యూనిట్ల ఖర్చే రూ.192. వాళ్లు సోలార్ కోసం తొందర పడాల్సిన పని లేదు.

కప్పు ఎవరిది?

కాగితం మీద ఇంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు మీటరు దగ్గర మొదలవుతుంది. సబ్సిడీ కావాలంటే దరఖాస్తు చేసేవారి పేరు, కరెంటు సర్వీసు పేరు ఒకటే ఉండాలి. ఉమ్మడి ఇళ్లలో మీటరు చాలాసార్లు దాదా పేరు మీదే ఉంటుంది. ఆయన పోయి పదేళ్లయినా పేరు మారదు. ఆస్తి పంపకం కాలేదు. కింద పెద్దనాన్న, పైన చిన్నాన్న, డాబా అందరిదీ. అత్తకు కూడా వాటా ఉంది. ఉద్యోగం చేసే అమ్మాయి తన జీతంతో ప్యానెళ్లు పెడితే, రేపు పంపకాల్లో అవి ఎవరికి? బిల్లు తగ్గిన లాభం ఎవరికి?

ఈ ప్రశ్నలు పెట్టక ముందే మాట్లాడుకోవాలి. సర్వీసు పేరు మార్పుకు మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, మిగిలిన వారసుల అంగీకారం అడుగుతారు. దెందులూరు మండలం ఏపీఈపీడీసీఎల్ పరిధిలో ఉంది. గ్రామ సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంట్ దగ్గర మొదలుపెట్టవచ్చు. ప్యానెళ్లు ఎవరి డబ్బుతో పెట్టారో, పంపకం జరిగితే వాటి సంగతేమిటో ఒక తెల్ల కాగితం మీద రాసుకుని అందరూ సంతకం పెడితే, తర్వాత అన్నదమ్ముల మధ్య మాట రాదు.

అద్దె ఇంట్లో ఉన్నవారికి, రేకుల ఇంట్లో ఉన్నవారికి ఈ దారి దాదాపు మూసుకున్నట్టే. జర్మనీలో అద్దెకున్నవాళ్లు బాల్కనీ రెయిలింగ్‌కు 800 వాట్ల చిన్న సోలార్ తగిలించి నేరుగా ప్లగ్‌లో పెట్టుకుంటారు, ఇల్లు మారితే వెంట తీసుకెళ్తారు. ఢిల్లీలో ఒక చోట పెట్టిన సోలార్ కరెంటును పలువురి బిల్లుల్లో సర్దే పద్ధతికి 2019లోనే నియమాలు వచ్చాయి. ఇక్కడ డిస్కం అనుమతి లేకుండా ప్లగ్‌లో సోలార్ పెట్టడం ప్రమాదం, లైన్ మీద పని చేసేవారి ప్రాణాలకు ముప్పు. అద్దె ఇంటి ఉద్యోగికి కంపెనీ చేయగలిగింది వేరే ఉంది. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కలే తింటుంది. అలాంటి ఫ్యాన్ ఒకటి, చిన్న బ్యాటరీ బ్యాకప్ ఒకటి కొనిస్తే అవి ఉద్యోగితో పాటే ఇల్లు మారతాయి.

వడ్డీ అనే గోడ

ఇంకో అడ్డంకి గురించి బయట పెద్దగా మాట్లాడుకోరు. సబ్సిడీ ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ పెట్టాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. వెండర్‌కు మాత్రం ముందే మొత్తం కట్టాలి. 2 కిలోవాట్లకు రూ.1.3 లక్షల దాకా ముందు చేతిలో ఉండాలి. దీనికి బ్యాంకులు హామీ లేకుండా, సుమారు 6-7 శాతం వడ్డీకి అప్పులు ఇస్తున్నాయి. మామూలు అప్పులతో పోలిస్తే ఇది చవకే. వడ్డీ ఇవ్వడానికీ తీసుకోవడానికీ దూరంగా ఉండే కుటుంబాలకు మాత్రం ఎంత తక్కువైనా వడ్డీ వడ్డీయే. చాలా ఇళ్లలో సోలార్ మాట అక్కడే ఆగిపోతుంది.

కంపెనీ పాత్ర నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. జీతం మీద వడ్డీ లేని అడ్వాన్స్ ఇచ్చి, నెలకు కొంత చొప్పున కోసుకుంటే, అది కర్జె హసనా లాంటిదే. ఒక కిలోవాట్‌కు ముందు కావాల్సిన రూ.70 వేలను అడ్వాన్స్‌గా ఇచ్చి, సబ్సిడీ రాగానే రూ.30 వేలు తిరిగి తీసుకుని, మిగిలిన రూ.40 వేలను రెండేళ్లలో కోసుకుంటే నెలకు రూ.1,700 లోపే. ఎండాకాలంలో బిల్లులో మిగిలే సొమ్మే దానిలో సగానికి పైగా ఉంటుంది. కంపెనీకి పడే భారం ఆ రెండేళ్ల వడ్డీ మాత్రమే. ఇది ముస్లిం ఉద్యోగి కోసం ప్రత్యేకంగా అడిగే రాయితీ కాదు. వడ్డీ లేని అడ్వాన్స్ ఏ ఉద్యోగికైనా మేలే.

అయితే రెండు విషయాలు ముందే రాయించుకోవాలి. వడ్డీ లేని అప్పు పెద్ద మొత్తమైతే ఆ ప్రయోజనాన్ని జీతంలో భాగంగా చూసి పన్ను వేసే నిబంధన ఉంది. అది ఎంత నుంచి వర్తిస్తుందో హెచ్ఆర్‌ను అడగాలి. రెండోది, మధ్యలో ఉద్యోగం పోతే మిగిలిన బాకీ ఒకేసారి కట్టమంటారా, వాయిదాల్లోనా? ఈ మాట కాగితం మీద లేకపోతే సోలార్ పలక ఉద్యోగి కాలికి సంకెల అవుతుంది.

సబ్సిడీ విషయంలో మరో మాట. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రాష్ట్రం 2 కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టిస్తామంది. బీసీ కుటుంబాలకు కేంద్ర సబ్సిడీపై కిలోవాట్‌కు రూ.10 వేల చొప్పున, గరిష్ఠంగా రూ.20 వేలు అదనంగా ఇస్తామంది. బీసీ-ఈ జాబితాలో ఉన్నవారు, బీసీ-బీలో ఉన్న దూదేకుల కుటుంబాలు కుల ధ్రువపత్రంతో డిస్కం ఆఫీసులో దీని గురించి తప్పక అడగాలి. అడగని వారి దాకా పథకం నడిచి రాదు. జాబితాలో లేని సయ్యద్, పఠాన్ కుటుంబాలకు కేంద్ర సబ్సిడీ ఒక్కటే దిక్కు.

కరెంటు పోతే సోలారూ పోతుంది

కొనే ముందు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గ్రిడ్‌తో కలిపిన మామూలు సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. లైన్ మీద మరమ్మతు చేసేవారికి షాక్ కొట్టకుండా పెట్టిన రక్షణ అది. డాబా నిండా ప్యానెళ్లు పెట్టి మీటింగ్ మధ్యలో చీకట్లో కూర్చుంటే ఎవరిని తిట్టుకోవాలి? ఇంటి నుంచి పని చేసేవారు బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవాలి, లేదా ల్యాప్‌టాప్‌కు, రౌటర్‌కు సరిపడే చిన్న ఇన్వర్టర్ విడిగా ఉంచుకోవాలి.

తుపాన్ల ప్రాంతం కూడా ఇది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర్లోనే తీరం దాటింది. స్టాండ్ బలం, బోల్టుల బిగింపు చూసుకోకపోతే ప్యానెల్ ఎగిరి పక్కింటి మీద పడుతుంది. కొబ్బరి మట్టల నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా మొత్తం వరుస కరెంటు తగ్గే అవకాశం ఉంది. పక్షుల రెట్టలు పడే చోట్ల నీళ్లతో తరచూ కడగాలి. సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్లే పెట్టాలి. వెండర్ పేరు జాతీయ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వాలి.

మళ్లీ ఆఫీసుకు రమ్మంటే?

చివరి సందేహం సహజమైనది. ఈ వర్క్ ఫ్రమ్ హోమ్ ఎన్నాళ్లు? 2020లో టీసీఎస్, 2025 నాటికి 25 శాతం సిబ్బంది ఆఫీసుకు వస్తే చాలని ప్రకటించింది. 2023 అక్టోబర్ నుంచి అదే సంస్థ వారంలో ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. కంపెనీల మాట గాలి వాటం. రేపు పిలుపు వస్తే అమ్మాయి పెట్టె సర్దుకుని హైదరాబాద్ బండి ఎక్కాల్సిందే.

అప్పుడు ల్యాప్‌టాప్ ఆమెతో వెళ్తుంది, జీతం ఆమెతో వెళ్తుంది. డాబా మీది సోలార్ మాత్రం వెళ్లదు. అమ్మీ ఫ్యాన్ కింద కూర్చుంటుంది, అబ్బా నెలాఖరుకు బిల్లు తిప్పి చూస్తారు. ఇంటి నుంచి పని చేసేవారికి కంపెనీలు ఇచ్చే కుర్చీ, హెడ్‌ఫోన్, ఇంటర్నెట్ భత్యం లాంటివి ఉద్యోగంతోనే పోతాయి. ఇంటి మీద పెట్టిన సోలార్ ఒక్కటే ఉద్యోగం పోయినా కుటుంబానికి మిగిలే ఆస్తి. అందుకే ఇంక్రిమెంట్ గురించి అడిగే రోజున ఉద్యోగులు ఈ ఒక్క మాట కూడా హెచ్ఆర్ ముందు పెట్టాలి: మీ ఆఫీసు మా ఇంట్లో నడుస్తోంది, మా డాబాకు వడ్డీ లేని అడ్వాన్స్ ఇస్తారా? ఆ మాట అడిగే ముందు మీటరు ఎవరి పేరున ఉందో ఈ ఆదివారమే చూసుకోవాలి.